అత్త రాళ్ళకు సిమెంటు పూసినవాళ్ళకు

ఈ వానలకు ముందే మా మేనత్త పోయింది. అశోక్‌నగర్‌లో అందరికీ డ్రాయింగ్ టీచరమ్మ. పోయిన మర్నాటి నుంచి దేవత కూడా. బతికుండగా ‘రాళ్ళ పిచ్చిది’ అన్న నోళ్ళే ఇవి. ఒళ్ళు మండి రాస్తున్నాను.

రిటైరయ్యాక కాలనీ పార్కులో, రోడ్డు నుంచి దిగే వాలు మీద ఆమె ఒక రాతి అల పేర్చింది. మోకాలెత్తున మొదలై, మనిషెత్తు లేచి, తోకలా నేలలో కలిసే అల. సిమెంటు లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి అంతే. చిక్కడపల్లిలో పాత ఇళ్ళు కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతుంటే, పునాది రాళ్ళు అడిగి తెచ్చుకునేది. ఉద్యమం రోజుల్లో బంద్ అంటే ఆమెకు పండగ. ఖాళీ రోడ్డు మీద ఇద్దరం తోపుడు బండి తోసేవాళ్ళం.

మెత్తని మనిషి కాదు. తొందరపడి రాయి పెడితే నా చేతి మీద ఒక్కటి వేసేది. “రాయి నిలబడొద్దే, కూసోవాలె.” పేర్చినదాని మీద ఎక్కి నడిచేది, కదిలితే తిట్టుకుంటూ ఊడదీసేది. ఇన్ని సందులెందుకంటే, “వాన నీళ్ళకు జర తొవ్వ ఇడువాలె గద!” అనేది. నాకు ఓపిక నేర్పింది ఆ దెబ్బలే.

సంతాప సభలో అసోసియేషన్ ప్రెసిడెంటు గారు మైకు పట్టుకుని, “టీచరమ్మ గుర్తు పదికాలాలుండాలె, సిమెంట్ పెట్టి పక్కా చేద్దాం,” అన్నారు. పాములొస్తాయి, తీసేయమన్నదీ ఈయనే. అందరూ చప్పట్లు. సంతాప సభలో చప్పట్లు!

నేను లేచి, “సందులు మూస్తే నీళ్ళాగి కూలుతది అన్నా, ఆమె మాటన్న ఇనుండ్రి,” అన్నాను.

“దుఃఖంల ఉన్నవమ్మా, కూసో.”

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి పూత అయిపోయింది. సిమెంటు చాలక తోక ఒక్కటే మిగిలింది.

మొదటి పెద్దవానకే వెనక నీళ్ళు నిండి, నడుమ ఉబ్బి కూలింది. ప్రెసిడెంటు గారు గొడుగు పట్టుకుని చూసి, “రాళ్ళే మంచియి కావు,” అన్నారు. మీ తాతలు వేసుకున్న పునాదులండీ అవి, మహానుభావా.

ఇప్పుడు ఆదివారాలు సుత్తి, ఉలి పట్టుకుని రాళ్ళకంటిన సిమెంటు చెక్కి, తోక పక్కనుంచి మళ్ళీ పేరుస్తున్నాను. సిమెంటు అంటిన రాయి సరిగ్గా కూర్చోదు. నిన్న మళ్ళీ వాన. తోక సందుల్లోంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి, అత్త పేర్చిన రాయి ఒక్కటీ కదల్లేదు. పక్కన నేను పెట్టిన రాయి కదిలింది. చేతి మీద వేసేవాళ్ళు లేరని ఏడుపొచ్చింది. వానలోనే ఊడదీసి మళ్ళీ పెట్టాను, నీళ్ళకు తొవ్వ వదిలి.