కాళ్ళ ముందు నారుకట్ట

పొద్దున్నే మండె విప్పాం. నానబెట్టిన వడ్లను గోనెసంచిలో మూటకట్టి, పైన వరిగడ్డి కప్పి, బరువు పెట్టి ఉంచుతాం. దాన్నే మండె అంటాం. విప్పగానే లోపలి నుంచి వెచ్చగా, కొంచెం పుల్లగా, కొంచెం తియ్యగా ఒక వాసన కొడుతుంది. చెయ్యి పెడితే గింజలు గోరువెచ్చగా తగులుతాయి. ఆ వాసన వచ్చిందంటే చాలు, పక్కనే సైదమ్మత్త నిలబడి నన్ను తిడుతున్నట్టే ఉంటుంది. "ఏందే కోడలా, ఇంక ఎంతసేపు వాసన సూస్తవ్? గింజలు ఎండపాలైతున్నయ్!" అని. నాలో నేనే నవ్వుకుంటాను. నాతో పనిచేసే ఆడవాళ్ళు కూడా చూసి నవ్వుతారు. నేను ఎవర్ని తలుచుకుంటున్నానో వాళ్ళకు తెలుసు. మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

మాది హాలియా దగ్గర ఊరు. సాగర్ కాల్వ నీళ్ళు పారే నేల. చుట్టూ ఎటు చూసినా వరి మళ్ళే, కాని మా వాడలో ఎవరికీ మడి లేదు. మా ఆడవాళ్ళకు తెలిసిన కొలువు ఒక్కటే, నాటు. కాల్వ వదిలారంటే వాడంతా పండుగ, వదలలేదంటే వాడంతా పస్తు. ఆ ఆడవాళ్ళ గుంపుకు పెద్ద సైదమ్మ. పొట్టి మనిషి. గొంతు మాత్రం కాల్వ అవతలికి వినబడేది. ముక్కుకు పెద్ద పుల్ల, నెత్తికి తువ్వాల, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి గట్టు మీద నడిచి వస్తుంటే ఆసాములు లేచి నిలబడకపోయినా సర్దుకుని కూర్చునేవాళ్ళు. ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుని నాటేసేవాళ్ళు. వచ్చింది అందరికీ సమానం. చెయ్యి వాటం ఉన్నదానికీ అంతే, ముసల్దానికీ అంతే, పసిపిల్లకు పాలివ్వడానికి మధ్యలో గట్టెక్కినదానికీ అంతే.

నేను డిగ్రీ చదివాను. మా వాడలో ఆడపిల్ల డిగ్రీ దాకా పోవడం అదే మొదలు. తెలంగాణ వచ్చింది, ఇక కొలువులు వస్తాయి అని అందరితో పాటు నేనూ హైదరాబాదు పోయి కోచింగులో చేరాను. నలుగురం ఆడపిల్లలం ఒక గదిలో కిరాయికుండి, ఇవాళ నోటిఫికేషన్ వస్తుంది, రేపు వస్తుంది అని ఎదురుచూశాం. అమ్మ కైకిలి పోయి తెచ్చిన కూలి పైసలన్నీ నా గది కిరాయికే పోయాయి. చివరికి అమ్మ ఫోనులో "బిడ్డా, ఇగ నాతోని అయితలేదే" అన్నది. అంతే, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని ఊరికి వచ్చేశాను.

అది నాట్ల కాలం. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. నాటేసే ఆడవాళ్ళు దారిన పోయేవాళ్ళను ఆపి, కాళ్ళ ముందు నారుకట్ట పెడతారు. పెట్టారంటే చాయపైసలో దావతో ఏదో ఒకటి ఇచ్చి కదలాలి. ఇవ్వకుండా దాటిపోతే ఇక ఊళ్ళో ఉన్న పరువు ఉండదు. సైదమ్మ ఈ విద్యలో ఆరితేరింది. ఆఫీసరు జీపు ఆపింది, పెళ్ళివారి బండి ఆపింది, ఒకసారి మా చర్చి పాస్టరుగారి స్కూటరునూ ఆపింది. ఆయన తెలివిగా కళ్ళు మూసుకుని, పంట గురించి పెద్ద ప్రార్థన మొదలుపెట్టాడు. సైదమ్మ కూడా చేతులు జోడించి, ఆమెన్ చెప్పేదాకా ఓపికగా నిలబడింది. అయిపోగానే, "అయ్యగారూ, ప్రార్థన దేవుడికి పోయింది, మంచిగున్నది. మరి గీ ఆడోళ్ళ చాయ సంగతేంది?" అన్నది. ఆయన నవ్వలేక నవ్వి జేబులో చెయ్యి పెట్టాడు.

నేను ఊరికి వచ్చిన రోజు కూడా వాళ్ళు రోడ్డు పక్క మడిలోనే ఉన్నారు. ఆటో ఆపేశారు. సైదమ్మ గట్టెక్కి వచ్చి, దిగిన ఒక్కొక్కరి ముందూ నారుకట్ట పెట్టించింది. కిరాణాకొట్టు ఆయన ఇచ్చాడు, బడి పంతులు ఇచ్చాడు, ఆటో అబ్బాయి కూడా ఏడుస్తూ ఇచ్చాడు. నా ముందుకు ఒక పిల్ల నారుకట్ట పట్టుకుని రాబోతే సైదమ్మ దాని రెక్క పట్టుకుని ఆపి, "గామెను పోనియ్యే" అన్నది మెల్లగా. ఆమె ఏదైనా మెల్లగా అనడం నేను వినడం అదే మొదటిసారి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆపి అడిగినా బాగుండేది. నా దగ్గర ఏమీ లేదని ఊరంతటికీ తెలుసని అప్పుడు నాకు అర్థమైంది. ఆ సిగ్గుకు మూడు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు.

నాలుగో రోజు సైదమ్మే వచ్చింది. గడపలో నిలబడి, లోపలికి తొంగిచూసి, అమ్మతో "ఏం వదినా, నీ బిడ్డ నడుముకు వంగుడు వస్తదా, లేక డిగ్రీల గది నేర్పలేదా?" అన్నది. అమ్మకు కోపం వచ్చింది. "సదువుకున్న పిల్లను బురదల దింపుతవా?" అన్నది. "బురద కడుక్కుంటే పోతది. ఇంట్ల గిట్లనే కూసుంటే పిల్ల మొకం కడుక్కునుడు గూడ మర్శిపోతది" అన్నది సైదమ్మ. నాకు నవ్వొచ్చింది. ఊరికొచ్చాక నవ్వడం అదే మొదలు. మర్నాడు ఎవరూ గుర్తుపట్టకుండా మొహానికి స్కార్ఫ్ చుట్టుకుని పోయాను. అయినా గుర్తుపట్టనివాళ్ళు ఒక్కరూ లేరు.

కొత్తవాళ్ళను ఎవరైనా చివరన నిలబెడతారు. సైదమ్మ నన్ను వరుస నడుమ నిలబెట్టింది. ఇటు ఒక వాటమైన చెయ్యి, అటు ఒక వాటమైన చెయ్యి. నేను రెండు మూడు నారుపరకలు కలిపి ఒక కర్రు గుచ్చేలోపు వాళ్ళు నా వంతు కూడా గుచ్చి వెనక్కి జరిగేవాళ్ళు. "అత్తా, నేను వెనకబడుతున్నా, చివరన ఉంటా" అన్నాను. "సివరకు పోతే వెనుకబడ్డ సంగతి నీకే ఎరుకైతది, రేపు రావు. నడుమ ఉంటే అందరితోని పాటు నడుస్తవ్. చెయ్యి అదే తిరుగుతది తియ్యి" అన్నది. నిజంగానే వారం తిరిగేసరికి చెయ్యి తిరిగింది. నడుము మాత్రం నెల దాకా తిట్టింది. ఆ కాలం అయ్యేలోపు స్కార్ఫ్ తీసేశాను. ఎండకు ఉక్కపోసి తీశానని చెప్పాను గాని, సిగ్గు పోయి తీశాను.

నారుకట్ట సంగతి ఒకరోజు సద్ది తింటుంటే అడిగేశాను. "ఆ రోజు నన్నెందుకు పోనిచ్చినవ్ అత్తా?" అని. పచ్చిపులుసు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "పని లేనోళ్ళ కాళ్ళ ముందు పెట్టొద్దే కోడలా. ఇయ్యలేక సిన్నబోతరు. ఇచ్చేటోడిని నవ్వుకుంట అడగాలె" అన్నది. తర్వాత నా గిన్నెలోకి తన మామిడికాయ తొక్కు ఇంత వేసి, "ఎప్పుడో ఒకనాడు నీకు గూడ పెడత, ఫికర్ జెయ్యకు" అన్నది. ఏదో నన్ను ఊరడించడానికి అన్నదనుకున్నాను.

మరుసటి యాడాది నర్సింహారెడ్డి పటేలు నాటు మిషను కొన్నాడు. ఊళ్ళో ఎక్కువ మళ్ళు ఆయనవే. మా గుంపుకు సగం పని ఆయన దగ్గరే. "ఈసారి గుంపు అక్కర్లేదు సైదమ్మా" అని కబురు పంపాడు. వాడలో ఆ రోజు ఏ ఇంట్లోనూ సరిగా పొయ్యి వెలగలేదు. మిషనుకు అడ్డం పడుకుందామన్నది ఒకామె. హైదరాబాదు పోయి ఇటుకలు మోద్దామన్నది ఇంకొకామె. మా అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. సైదమ్మ మాత్రం చెప్పులేసుకుంది. "ముందుగాల దాని మొకం సూసొద్దాం పాండ్రి" అన్నది.

సంతలో మేకను చూసినట్టు ఆ మిషను చుట్టూ తిరిగి చూసింది. వంగి కింద చూసింది, తట్టి చూసింది. నడిపే అబ్బాయిని "గిది ఏం తింటది కొడుకా?" అని అడిగింది. "డీజిల్" అన్నాడు వాడు. "అది తాగుడు. తినేది ఏంది?" అన్నది. వాడు నవ్వి, మడిలో పీకిన నారు దీనికి పనికిరాదనీ, ట్రేలలో చాపలా పెంచిన నారు కావాలనీ, అది దూరం నుంచి లారీలో తెప్పించాలనీ చెప్పాడు. సైదమ్మ నా వైపు తిరిగింది. ఆమె కళ్ళు మెరవడం చూశాను. నేరుగా పటేలు దగ్గరికి పోయి, "పటేలా, నీ మిషను బువ్వ మేం వండుతం" అన్నది. ఆయన పడిపడి నవ్వాడు. నవ్వు ఆగాక, "రెండెకరాలకు పెంచి సూపెట్టు. పాడైతే మళ్ళ నా గడప తొక్కొద్దు" అన్నాడు.

ఎలా పెంచాలో నేను ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ట్రేలో జల్లెడ పట్టిన మట్టి, మాగిన ఎరువు పరిచి, పైన మొలకగింజలు పలచగా చల్లాలి. పలచగా అని నేను గొంతు పోయేలా చెప్పాను. ఎవరు వింటారు! జన్మంతా నారుమడిలో గుప్పిళ్ళతో చల్లిన చేతులు. "గింత పలచగనా? బిచ్చమేసినట్టున్నది. నేల తల్లి ఏమనుకుంటది?" అని సైదమ్మ నిండా గుప్పిలి చల్లింది. ఆమెను చూసి అందరూ అంతే. నారు వచ్చింది చూడండి, దట్టంగా, పచ్చగా, చెయ్యి పెడితే మట్టి తగలకుండా! అందరికీ మురిపెమే, నాకు కూడా. తీరా మడిలో దిగాక మిషను గుంజుకోలేకపోయింది. ఒకచోట పిడికెడు నారు గుచ్చుతుంది, ముందుకు పోయి బోసిగా వదిలేస్తుంది. కాసేపటికి మూలిగి ఆగిపోయింది. పటేలు గట్టు మీద నెత్తి పట్టుకున్నాడు. "అయిపోయింది, మీ పని మీరు చూసుకోండ్రి" అన్నాడు.

సైదమ్మ ఆ మడిని చూసింది, మా మొహాలు చూసింది, ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "బువ్వ ఎక్కువ పెట్టినం, అరుగక కూలబడ్డది!" అన్నది. చీర ఎగదోపి మడిలో దిగింది. ఆమె వెనకే మేమందరం దిగాం. పొద్దు గూకేలోపు దట్టంగా ఉన్నచోట పీకి, బోసిగా ఉన్నచోట గుచ్చి, రెండెకరాలూ నిండుగా చేసి గట్టెక్కాం. ఎవరూ కూలి అడగలేదు. చేతులు కడుక్కుంటూ సైదమ్మ, "తప్పు చేసింది మేము, దిద్దింది మేము. నీకు పోయిందేంది పటేలా? కాల్వ అవతలి మళ్ళకు నీళ్ళ వంతు ఇంక రాలేదు కద. దానికి ఇంకొక్కపారి సూడు" అన్నది. ఆయన గట్టు వెంట ఆ చివర దాకా పోయి మడిని చూసి వచ్చాడు. "ఇదే ఆఖరు" అన్నాడు.

ఆ ఆఖరి అవకాశం తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు. చేతులకు ఎలా నేర్పాలి? ఒక పొద్దున సైదమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే చూశాను. బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి పిండి సన్నగా జారుతోంది, ఎక్కడా కుప్ప పడడం లేదు. "అత్తా, గదే చెయ్యి! ట్రే మీద గట్లనే చల్లు, ముగ్గేసినట్టు!" అని అరిచాను. ఆమె చేతిలోని ముగ్గును చూసుకుంది, నన్ను చూసింది. "ఓసి నీ! గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దానే?" అని ముగ్గుచేత్తోనే నా చెంప మీద ఒకటి వేసింది. నా మొహమంతా తెల్లగా అయింది. ఆ రోజు మా వాడ ఆడవాళ్ళందరూ ట్రేల ముందు కూర్చుని, పాటలు పాడుకుంటూ గింజలతో ముగ్గులు వేశారు.

ఈసారి నారు చాపలాగా చుట్ట చుట్టుకుని వచ్చింది. మిషను గుటుక్కున మింగుతూ, గీత గీసినట్టు నాటుకుంటూ పోయింది. పటేలు గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు, సాయంత్రం వాళ్ళ బావమరిదికి ఫోను చేశాడు. ఆ బావమరిది తిరుమలగిరిలో ఉంటాడు. ఆయనకు నారు కావాలి, ఆయన పక్క రైతుకు కావాలి. నేను అడిగి తెచ్చుకున్న స్కూటీ మీద తిరిగి అందరితో మాట్లాడాను. ఆ కాలమంతటికీ మా వాడ ఆడవాళ్ళకు పని కుదిరింది.

ఆ సంగతి చెప్పాలని ఆగమాగంగా వస్తున్నాను. మిషను తిరగలేని మూలల్లో చేత్తో నాటుతూ మావాళ్ళు రోడ్డు పక్కనే ఉన్నారు. సైదమ్మ నన్ను చూసి గట్టెక్కింది. బురద కారుతున్న చేతులతో వచ్చి, నా స్కూటీ ఆపి, నా కాళ్ళ ముందు నారుకట్ట పెట్టింది. నా వెనక ఎవరైనా ఆసామి వచ్చి ఆగాడేమోనని తిరిగి చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది.

"ఎన్కకు సూస్తవేందే? నీకే. మాకందరికి పని తెచ్చినోళ్ళను ఉత్తగ ఇడిచిపెడ్తమా? దావత్ తియ్యి!" అన్నది. మడిలోంచి మా అమ్మ గొంతే అందరికన్నా పెద్దగా వినిపించింది, "అడుగు వదినా, ఇడువకు!" అని. నాకు ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. రెండూ ఆపుకోలేక ఆ బురద మనిషిని గట్టిగా వాటేసుకున్నాను. హాలియా పోయి మిర్చిబజ్జీలు సంచి నిండా తెచ్చాను. "కారం తక్కువయింది" అని వంక పెట్టి, సైదమ్మే అందరికన్నా ఎక్కువ తిన్నది.

ఆమె పోయి రెండేండ్లు దాటింది. దవాఖానలో ఉన్నప్పుడు చూడ్డానికి పోతే, సూది వేసే నర్సమ్మను చూపించి, "దీని చెయ్యి వాటమున్నదే, గుంపుల కలుపుకో" అన్నది. మనిషి పోయేదాకా ఆ నోరు తగ్గలేదు. ఇప్పుడు నాకు ఈ రోడ్డు పక్కన కిరాయి జాగా ఉంది, జాగా నిండా ట్రేలున్నాయి. ఈ కాలం కొత్తగా ఒక పిల్ల పనికి వచ్చింది, మొహానికి స్కార్ఫ్ చుట్టుకుని. బీటెక్ అట. తీసుకుపోయి వరుస నడుమ కూర్చోబెట్టాను.

మిషన్లు వచ్చాక మళ్ళల్లో ఆడవాళ్ళ గుంపులు పల్చబడ్డాయి. అయినా ఎక్కడైనా నలుగురు వంగి నాటేస్తూ కనబడితే నా స్కూటీ దానంతటదే మెల్లగవుతుంది. చిల్లర ముందే తీసి పిడికిట్లో పట్టుకుంటాను. ఒక్కొక్కసారి ఎవరూ తలెత్తి చూడరు. అప్పుడు హారన్ కొడతాను.