మా ఊరాయన

నిన్న మా అబ్బాయి వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని గాలిలో చేతులు ఆడిస్తుంటే మా నాయన గుర్తొచ్చాడు.

నేనప్పుడు ఆరో తరగతి. ఒక కుటుంబమంతా వీడియో గేమ్ లోపల చిక్కుకుపోయే త్రీడీ సినిమా మార్కాపురంలో ఆడుతోంది. నాయన ఒకరోజు కూలి మానుకుని, అర్ధవీడు నుంచి బస్సులో నన్ను తీసుకెళ్ళాడు. ఎవరిదో చెమట వాసన వేస్తున్న నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాం. ఉన్నట్టుండి తెర మీది బండరాయి మా మీదికి దొర్లుకుంటూ వచ్చింది. నాయన గబుక్కున లేచి, నా మొహానికి చెయ్యి అడ్డం పెట్టి, "భయపడాకు తల్లీ" అని అరిచాడు. హాలంతా నవ్వింది.

మా వెనక వరుసలో ఉన్న, పక్క ఊరి నుంచి బడికొచ్చే మా క్లాసు అమ్మాయి ముందుకు వంగి అడిగింది. "ఎవరే ఆయన, మీ నాయనా?"

"కాదు. మా ఊరాయన."

నాయన పిరికివాడని నాకు సిగ్గేసింది. ఆ చెయ్యి ఎవరి కోసం లేచిందో అప్పుడు తోచలేదు. నా మాట ఆయన వినలేదనే అనుకున్నాను.

ఇంటర్వెల్లో రెండు సమోసాలు తెచ్చి నాకూ ఆ అమ్మాయికీ చెరొకటి ఇచ్చాడు. "మా ఊరి పాప. కొంచెం కనిపెట్టుకో అమ్మా" అని ఆ అమ్మాయికి చెప్పి, వెళ్ళి చివరి వరుసలో కూర్చున్నాడు.

సినిమా అయిపోయేదాకా నా పక్కకు రాలేదు. నేనూ పిలవలేదు.