కంచి గుడి ముందు మా అత్తయ్య

నా చిన్నప్పుడు మా ఇంట్లో గోడ మీద బల్లి కనబడితే అందరి చూపూ మా అత్తయ్య మీదికే వెళ్ళేది. అత్తయ్య మా నాన్నకి అక్క. రేపల్లెలో కాపురం. ఒకరోజు పొద్దున వంటింట్లో ఆమె తల మీద బల్లి పడింది. ఆ సాయంత్రమే మావయ్య స్కూటరును లారీ గుద్దేసి, ఆయన పోయాడు. లారీని ఎవరూ ఏమీ అనలేదు. తప్పంతా బల్లిది, బల్లి పడ్డ తలది. కర్మకాండలు అవగానే అత్తవారు ఆమెను తెనాలిలో మా ఇంట్లో దింపి వెళ్ళిపోయారు. అప్పటినుంచి మా ఇంట్లో వంటా, నాకు జడలు వెయ్యడమూ ఆమె పనే.

కంచిలో వరదరాజస్వామి గుడి కప్పుకి బంగారు బల్లి, వెండి బల్లి ఉంటాయి. వాటిని తాకితే బల్లి పడిన దోషం పోతుందని మావైపు నమ్మకం. అంతదూరం వెళ్ళలేనివాళ్ళు, తాకి వచ్చినవాళ్ళ చెయ్యి ముట్టుకున్నా చాలంటారు. నాకు పదేళ్ళప్పుడు, నాన్న కొత్తగా కొన్న సెల్‌ఫోన్‌ని పదిమందికీ కనబడేలా చొక్కా జేబులో పెట్టుకు తిరిగే రోజుల్లో, రెండురోజులు కంచి చూసొద్దామని అందరం బయల్దేరాం. రైలెక్కిన దగ్గర్నుంచీ అత్తయ్య నాకు ఆ బల్లుల కబుర్లే చెప్పింది. ఆమె అంత ఇదిగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

మొదటిరోజు మిగతా గుళ్ళు తిరిగాం. రెండోరోజు పొద్దున్నే అత్తయ్య తలస్నానం చేసి, బల్లిని తాకేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనంది. గుడి ముందు అందరికన్నా ముందు చెప్పులు విడిచింది కూడా ఆమే. అప్పుడు మా నాయనమ్మ, అత్తయ్యకి కన్నతల్లి, ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వాగవే. నీ వెనకాల మేం తాకడమేంటి? మేం వచ్చాక వెళ్దువుగాని. ఈలోగా సంచులు చూస్తుండు."

అమ్మ తలొంచుకుంది. నాన్న జేబులో ఫోను తీసి చూసుకున్నాడు. అత్తయ్య మళ్ళీ చెప్పులు వేసుకుని సంచుల దగ్గర కూర్చుంది.

లోపల మెట్లెక్కి బల్లిని తాకడానికి పెద్ద వరస ఉంది. మేం తాకి బయటికొచ్చేసరికి మధ్యాహ్నానికి గుడి మూసేస్తున్నారు. సాయంత్రం నాలుగింటికి తెరుస్తారులే అంది నాయనమ్మ. ఎదురుగా హోటల్లో కంచి ఇడ్లీ తిన్నాం. మిరియాలూ శొంఠీ జీలకర్రా వేసి ఉడికించిన ఇడ్లీ. నేను రెండు తిన్నాను. బాగుందని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది, కానీ బాగుంది. అత్తయ్య తన ఇడ్లీ ఆకులో పొట్లం కట్టించుకుంది. ఆ తర్వాత అమ్మా నాయనమ్మా పట్టుచీరల కొట్లో రెండు గంటలు కూర్చున్నారు. ఎర్ర అంచు కావాలా, మామిడి పిందెలు కావాలా అన్నది తేలలేదు. మూడున్నరకి నాన్న గడియారం చూసుకున్నాడు.

"ఇంకా ఆగితే మద్రాసులో రైలందదక్కా. మళ్ళీ ఎప్పుడైనా వద్దాంలే."

"అలాగేరా" అంది అత్తయ్య.

మద్రాసుకి మాట్లాడుకున్న వ్యాను ఊరు దాటాక ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుని పొట్లం విప్పింది. చల్లారి గట్టిపడిన ఇడ్లీ కొంచెం కొంచెం తుంచుకుని తింది. ఆమె ఇక ఆశ వదిలేసుకుందని నాకు అప్పుడు తెలిసింది.

తిరిగొచ్చిన వారానికి పక్కవాటాలో టీచరుగారు గబగబా వచ్చారు. "వదినగారూ, భుజం మీద బల్లి పడిందండి. మీరు కంచి వెళ్ళొచ్చారుగా, ఒక్కసారి చెయ్యివ్వండి."

"నేను తాకలేదండి. ఉండండి, మా పిల్ల తాకింది" అని అత్తయ్య నన్ను పిలిచింది. ఎందుకు తాకలేదో చెప్పలేదు. ఆవిడ నా చెయ్యి కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాక, నాకేదో గొప్ప ఉపాయం తట్టినట్టు, "అత్తయ్యా, నువ్వూ పట్టుకో" అని చెయ్యి చాపాను.

అత్తయ్య నవ్వింది. "రోజూ నీకు జడ వేస్తూనే ఉన్నానుగా తల్లీ. పోయేదైతే ఈ వారంలో పోకపోయేదా? బల్లి దోషానికి కంచి ఉంది. మా అమ్మే నన్ను చూసి భయపడితే దానికి ఏ ఊరెళ్ళను?" అని, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళిపోయింది.

అత్తయ్య మళ్ళీ కంచి వెళ్ళకుండానే పోయింది. ఇప్పుడు మా ఇంటి శుభకార్యాల్లో ఎవరైనా ఎవరినైనా వెనక్కి నిలబడమంటే నేను ఊరుకోను. పదిమందిలో అడిగేస్తాను. గయ్యాళినని పేరొచ్చింది, రానీ. నోరు విప్పాల్సిన రోజున మాత్రం విప్పలేదు. పదేళ్ళదానివి, నువ్వేం చేస్తావని అందరూ అంటారు. నాకు తెలుసు, నాయనమ్మ అన్నమాట తప్పని ఆ గుడి ముందే అనిపించింది. అయినా బంగారు బల్లిని ఎప్పుడెప్పుడు చూస్తానా అన్న తొందరలో, వెనక్కి తిరిగి చూడకుండా నాయనమ్మ కొంగు పట్టుకుని లోపలికి నడిచాను.