మనుషులు పడని అవ్వ

గోదావరిఖనిలో ఇల్లు లేనివాళ్ల కోసం నడిచే వసతిగృహంలో నేను పనిచేసేటప్పుడు ఒక అవ్వ ఉండేది. పక్కన ఎవరు కూర్చున్నా "నాకు మనుషులు పడరు బిడ్డా" అని లేచిపోయేది. ఒంటరిగా బతకడానికి ఆమెకన్నా తగినవాళ్లు లేరనుకుని, కార్మికుల వాడలో ఒక గది ఇప్పించాం.

కొన్నాళ్లకు చూడబోతే, మంచం మీద ఎవరో ముసలామె జ్వరంతో పడుకుని ఉంది. అవ్వ ఆమెకు గంజి తాగిస్తోంది.

"ఎవరవ్వా ఈమె?"

"నాకేమెరుక? రామగుండం స్టేషన్ల పడి ఉండె, పట్టుకొచ్చిన."

"ఒక్కదాన్నే ఉంటనంటివి గదా?"

"ఉంటనే! జరం తగ్గినంక ఈమెకు సుత ఒక గది చూడు."

తిరిగి తిరిగి అవ్వ గదికి ఎదురుగానే ఒక గది చూశాను. ఇద్దరూ కలిసి వచ్చారు, గాలి రాదని వంక పెట్టారు, కలిసే వెళ్లిపోయారు.