దిగుడు కాడ భూపాల్ సారు

భూపాల్ సారుకు భయం. దేనికని అడగొద్దు. దేనికి భయం లేదో అడిగితే జవాబు తొందరగా అయిపోతుంది.

మహబూబాబాదులో, అంటే మన మానుకోటలో, డెబ్బై ఎనిమిది నాటికి ఆయన బడిలో డ్రిల్లు సారు. విజిల్ ఊదేముందు చుట్టుపక్కల కుక్కలున్నాయేమో చూసుకునేవాడు. రైల్వే గేటు బార్లా తెరిచి ఉన్నా సైకిల్ దిగి, ఇటు కాజీపేట దిక్కు, అటు డోర్నకల్ దిక్కు చూసి, గేటు కాపలా మనిషిని పిలిచేవాడు. "బండేం రాదు గదా? నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు" అనేవాడు. ఒకసారి ఆ ఒట్టు పూర్తయ్యేలోపల నిజంగానే గూడ్సు వచ్చింది. ఇక ఆయన భయానికి పట్టపగ్గాల్లేవు.

ఇలాంటి మనిషిని తీసుకొచ్చి సైకిల్ జట్టుకు గురువును చేశారు. నెల రోజుల్లో పోటీ. మానుకోట నుంచి బయ్యారం పోయి రావాలి. జట్టుకు నలుగురు. మొదటివాడు ఎంత ముందొచ్చినా లాభం లేదు, నాలుగోవాడి చక్రం గీత దాటినప్పుడే జట్టు వచ్చినట్టు లెక్క.

ఆ నాలుగోవాడు తానే అవుతాడని పూల్‌సింగుకు గుబులు. తండా నుంచి రోజూ పాలక్యాన్లు మోసుకొచ్చే పూల్‌సింగు ఎత్తు ఎక్కడంలో ఎవరికీ దొరకడు, అందుకే జట్టులోకి తీసుకున్నారు. కాని పోయిన వానాకాలం బయ్యారం తోవలో, రోడ్డు పల్లానికి జారే దిగుడు మొదట్లోనే ఉన్న మలుపు దగ్గర పడి జబ్బ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గాని గుండె అతకలేదు. దిగుడు కనిపిస్తే చాలు, చేతులు వణుకుతాయి. "యాడీ!" అని తన భాషలో తల్లిని తలుచుకుంటాడు. పడతానని ఒక భయం, సంగతి తెలిస్తే జట్టులోంచి తీసేస్తారని ఇంకో భయం. రెండోదే పెద్దది.

సాధన మొదలైన రోజు దిగుడు రానే వచ్చింది. పూల్‌సింగు కళ్లు మూసుకోబోయాడు. పక్కనే వస్తున్న భూపాల్ సారు కేక పెట్టాడు.

"దిగుండ్రి! అందరు దిగుండ్రి! నా కాళ్లు సల్లబడ్డయ్!"

జట్టులో అందరికన్నా దూకుడు మనిషి సంజీవ. "ఏంది సారూ, పోటీల గూడ గిట్లనే నడుసుకుంట పోదమా?" అన్నాడు.

"పానముంటెనే పోటీ, బిడ్డా!"

"మాకు భయం లేదు సారూ!"

"గందుకే మీకు బుద్ధి గూడ లేదు. దిగుండ్రి."

దిగుడంతా సైకిళ్లు నడిపించుకుంటూ దిగారు. చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. సంజీవ తల కొట్టుకున్నాడు. పూల్‌సింగు మాత్రం ఇంత పిరికి గురువునిచ్చిన దేవుడికి మనసులోనే కొబ్బరికాయ కొట్టాడు.

మర్నాడు సారు, "ఇయ్యాల జర ధైర్యమొచ్చింది. గా కంకర కుప్ప కాడికెల్లి ఎక్కుదాం" అన్నాడు. కంకర కుప్ప దిగుడుకు అట్టడుగున ఉంది. రెండ్రోజులకు ఇంకాస్త పైనున్న తాటిమొద్దు దగ్గర ఎక్కారు. వారానికి కల్వర్టు దాకా వచ్చారు. ఎక్కిన ప్రతిసారీ సారు దేవుళ్లందరికీ మొక్కి, "పూల్‌సింగూ, నా పక్కపొంటే రా. నేను పడితె పట్టాలె" అనేవాడు. సారును కనిపెట్టుకునే తొందరలో పూల్‌సింగుకు తన చేతులు చూసుకునే తీరిక ఉండేది కాదు.

చివరికి పైనున్న మలుపొక్కటే మిగిలింది. పోటీ రేపనగా పూల్‌సింగు పొద్దున్నే ఒక్కడే అక్కడికి వెళ్లి, తాను పడిన చోటు చూస్తూ నిలబడ్డాడు. రేపు సారు పక్కన ఉండడు. దిగమని కేకేసేవాళ్లుండరు. తను బ్రేకు పట్టుకుంటే ముగ్గురి కష్టం మట్టిలో కలుస్తుంది.

అప్పుడు వెనక నుంచి ఒక సైకిల్ గాలిలా వచ్చింది. ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఇంకో చేతిలో బీడీ, నోట్లో కూనిరాగం. భూపాల్ సారు! క్యారియర్ మీద ఆయన భార్య శకుంతల, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. పూల్‌సింగును చూడగానే సారు కంగారుగా బ్రేకు నొక్కాడు. ఆమె కిందికి దూకి ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది.

"జర నువ్వన్న చెప్పు తమ్మీ! పెండ్లైనకాడికెల్లి గీ దిగుడుల నన్ను గిట్లనే సంపుతుండు. ఒక్కనాడు బ్రేకు ముట్టడు!"

పూల్‌సింగు నోరు తెరిచాడు. "సారూ, నీకు దిగుడంటె భయం గదా?"

సారు బీడీ పారేశాడు. "కుక్కంటె భయం. రైలంటె భయం. మీ అక్కంటె మస్తు భయం. దిగుడంటె లేదు."

"మరి గిన్ని దినాలు?"

"మొదటినాడే నీ చేతులు సూసిన. నిన్నొక్కన్ని దిగుమంటె సంజీవగాడు నిన్ను నవ్వుతడు. నేను దిగితె నన్ను నవ్వుతరు. నాకు అలవాటే గదరా!"

పూల్‌సింగుకు సిగ్గు, కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. చివరికి నవ్వొచ్చింది. కాని మలుపు మాత్రం ఎదురుగానే ఉంది. చేతులు మళ్లీ మొదలుపెట్టాయి.

శకుంతల ఆ చేతుల్ని చూసింది. వెళ్లి పూల్‌సింగు సైకిల్ పట్టుకుని నిలబడింది.

"ఎక్కు తమ్మీ. నేను నీ ఎనకాల కూసుంట."

"వద్దక్కా, నేను గీడనే పడ్డ."

"ఎరుకే. పడ్డోనికి ఏడ పడతమో తెలుస్తది. గాయనకు తెల్వది. నడు."

"యాడీ!" అంటూ పూల్‌సింగు తొక్కాడు. అంచున జారే మొరం మట్టి ఎక్కడుందో అతనికి తెలుసు. దాన్ని తప్పించి, లోపలి వైపు నుంచి సైకిల్ వంచాడు. మలుపు దాటింది. ముందు దిగుడంతా ఖాళీగా, తిన్నగా ఉంది. బ్రేకు మీద వేళ్లు తీసేశాడు.

"జర జోరుగ పో తమ్మీ!" అంది శకుంతల.

వెనక నుంచి అరుపులు వినిపించాయి. "మెల్లగ! ఓ పూల్‌సింగూ, బ్రేకు పట్టురా! నీకు దండం పెడత!" భూపాల్ సారు సైకిల్ ఎక్కడం కూడా మరిచిపోయి, దాన్ని నెట్టుకుంటూ పరుగెత్తుకొస్తున్నాడు. ఆ దిగుడులో ఆయన నిజంగా భయపడింది ఆ ఒక్కసారే.