మెహందీ రంగు రేటు

సూరత్‌లోని లింబాయత్‌లో మొండయ్య ఉండే గల్లీలో ఎవరు చీర కొన్నా, కట్టుకునే ముందు అతనికి చూపించాల్సిందే. ముప్పై ఏళ్లు మరమగ్గాల మీద పనిచేసిన మనిషి. కొంగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపి, ఉన్నమాట మొహం మీదే చెప్పేస్తాడు. "రెండు ఉతుకులకు పోతది" అని పెళ్లికూతురి చీరనే అన్నాడంటే ఇక చెప్పేదేముంది! ఆ నోటి పుణ్యమా అని సగం గల్లీ అతనితో మాట్లాడదు. చీర కొంటే మాత్రం అతని దగ్గరికే తెస్తారు.

మగ్గాల మోతకు ఒక చెవి, నిలబడీ నిలబడీ రెండు మోకాళ్లు పాడయ్యాక, ఉధ్నాలో చీరల వ్యాపారం చేసే హస్ముఖ్‌భాయ్ సేఠ్ అతన్ని ఆన్‌లైన్ దుకాణంలో కూర్చోబెట్టాడు. చీర ఫోటోల కింద రంగులు, రేట్లు ఎక్కించాలి. ఒక్క వేలితో కొట్టినా చాలు. ముప్పై ఏళ్ల తర్వాత దొరికిన కుర్చీ అది. రోజూ పొద్దున భుజం మీది తువ్వాలుతో తుడిచి గానీ కూర్చోడు.

అలాంటిది కిందటి నెల నాలుగు వందల తొంభైకి బదులు నలభై తొమ్మిది కొట్టాడు. సేఠ్ అరవలేదు. ఇంకోసారి రేటు తప్పితే మళ్లీ మగ్గం దగ్గరికే అని మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనానికే మొండయ్యకు రెండు రోజులు అన్నం సయించలేదు.

సూరత్ బజారు పద్ధతి ఒకటి చెప్పాలి. ఇక్కడ ఒక డిజైన్ అంటే ఆరు రంగుల కట్ట. టోకున కొనేవాడు ఆరూ తీసుకోవాలి, నచ్చినవి ఏరుకుంటానంటే కుదరదు. ఎవరూ ముట్టని రంగు ఒకటి ప్రతి కట్టలోనూ ఉంటుంది. మిగతా ఐదింటి చాటున అదీ గడప దాటుతుంది. ఈ మర్యాదను ఆన్‌లైన్ చెడగొట్టింది. ఇళ్లలో కూర్చుని వేలితో నొక్కి ఏ రంగు కావాలంటే ఆ రంగే కొంటున్నారు. దాంతో కొత్త డిజైన్‌లో మెహందీ రంగు చీరలు రెండు వందలు కదలకుండా గోడవారన పడి ఉన్నాయి.

పండగ సేల్‌కు ఎనిమిది వందల తొంభై తొమ్మిది రూపాయల ఆ డిజైన్ చీరను ఆరు రంగుల్లోనూ నాలుగు వందల నలభై తొమ్మిదికి దించమన్నాడు సేఠ్. ఒక్కో రంగూ విడిగా తెరిచి, కొత్త రేటు కొట్టి, సేవ్ నొక్కాలి. మొండయ్య ఐదింటికి నొక్కాడు. ఆరోదానికి రేటు కొట్టాడు గానీ నొక్కేలోపు టీ వచ్చింది. తాగాడు. రంగును బట్టి రేటు మారడం జన్మలో చూడని మనిషి కదా, ఐదు దిగితే ఆరోదీ దిగినట్టే అనుకున్నాడు.

ఐదో రోజు మధ్యాహ్నం అతని కంటబడింది. మెహందీ ఒక్కటే పాత రేటు మీద ఉంది. సేఠ్ భోజనానికి వెళ్లిన సందు చూసుకుని రేటు దించాడు. సేవ్ నొక్కి, నొక్కానా లేదా అని మూడుసార్లు చూసుకున్నాడు. అమ్మకాల లెక్క చూడాలన్న ఆలోచనే రాలేదు.

రెండు రోజులకు సేఠ్ పిలిచాడు. ఆయనది హిందీ, మొండయ్యది హిందీ అనుకుని మాట్లాడే తెలుగు.

"మెహందీ రేటు ఎవరు దించారు?"

"నేనే సేఠ్. తప్పు పడ్డది. నేనే మంచిగ చేసిన."

"తప్పా?" సేఠ్ తెరను అతని వైపు తిప్పాడు. ఐదు రోజుల్లో పూర్తి రేటుకు మెహందీ నూట నలభై పోయాయి. రేటు దించాక ఒక్కటీ పోలేదు. "ఐదు రంగులకు సగం రేటు, ఒక్కదానికి పూర్తి రేటు. అదొక్కటే అసలు సరుకని జనం ఎగబడ్డారు. ఇదంతా నీ తెలివి అనుకున్నానయ్యా!"

ఆరింటికీ ఒకే దారం, ఒకే నేత. మొండయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాయంత్రానికి మెహందీ మళ్లీ పాత రేటు ఎక్కింది. ఇకనుంచి ప్రతి డిజైన్‌లోనూ ఎవరూ ముట్టని రంగును అలాగే వదిలేయాలని హుకుం. తప్పు చేస్తే పోతుందన్న కుర్చీ ఇప్పుడు తప్పు చేయడం మరిచిపోతే పోతుంది. దానికి కొత్త మెత్త కూడా వచ్చింది.

ఆదివారం సిరిసిల్ల నుంచి మరదలు మంగ వీడియో కాల్ చేసింది. ఆమె భుజం మీద మెహందీ రంగు చీర.

"బావా, మీ సూరత్ చీరనే! ఆన్‌లైన్ల తెప్పిచ్చిన. కడ్మ ఐదు రంగులు సగం రేటుకే ఉన్నయి గని, గసొంటి సరుకు మనకెందుకని గీ తొమ్మిది వందలది తీస్కున్న. బీడీలు చేసిన పైసల్ల మిగిలిచ్చి కొన్న. ఎట్లుందో జర చెప్పు."

మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మనిషి, చీర ఒంటి మీద ఉండగా రేటును నమ్మింది. మొండయ్యకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఉన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. మంగ చెవిన పడితే సిరిసిల్ల అంతా పడినట్టే. అక్కడి నుంచి సేఠ్ దాకా రావడానికి ఎంతసేపు?

"చెప్పు బావా! నువ్వు ఉన్నదున్నట్టు చెప్తవని, మా వాడకట్టోళ్లు ఇంకో పదిమంది నీ మాట కోసమే ఆగిన్రు."

మంగ కొంగు తీసి ఫోన్‌కు దగ్గరగా పట్టింది. అలవాటు కొద్దీ మొండయ్య బొటనవేలు తెర మీద కొంగును నలపబోయింది. అద్దం నున్నగా తగిలింది.

"మంచిగుంది మంగా," అన్నాడు. "ఆళ్లను గుడ తెప్పిచ్చుకోమను."