వదినగారు స్టీరింగ్ మార్చిన రోజు

మొన్న గురువారం ఉదయం ఇడ్లీ రేకులకి నూనె రాస్తుంటే ఫోన్ మోగింది. హెర్న్‌డన్ నుంచి మా మేనకోడలు. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాట ఒక్కొక్కటీ వెతుక్కుని పలుకుతుంది. "అత్తా, అమ్మ లేవలేదు. రాత్రి పడుకుంది... అంతే," అంది. కాసేపటికి చూసుకుంటే, నేను రాసిన గుంటకే మళ్లీ మళ్లీ నూనె రాస్తున్నాను.

పోయినావిడ మా ఆయనకి అక్క, నాకు వదినగారు. మన తెలుగు సంఘం పిక్నిక్‌లకి వచ్చేవాళ్లకి ఆవిడ గుర్తుండే ఉంటారు. పార్కింగ్ లాట్‌లో ఎవరి కారు మొరాయించినా, పులిహోర ప్లేటు పక్కన పెట్టి లేచి వెళ్లేది ఆవిడే. స్కూల్ బస్సులు బాగుచేసే గ్యారేజీలో స్పేర్ పార్టుల కౌంటర్ దగ్గర ఉద్యోగం చేసేవారు. చీటీలు రాయడానికి చేరి, రెండేళ్లలో ఆ పార్టులు ఎలా బిగిస్తారో కూడా నేర్చేసుకున్నారు. మెకానిక్‌లు మొదట నవ్వారట. "నవ్వనీ. నవ్వుతూ నేర్పేవాళ్లే బాగా నేర్పుతారు," అనేవారు ఆవిడ.

సంతాప సభలో అందరూ ఆవిడ ధైర్యం గురించి మాట్లాడారు. నాకు మాత్రం ఆవిడ భయమే ఎక్కువ గుర్తు. కారుని ఆవిడ ఎప్పుడూ నమ్మేవారు కాదు. పని మొదలుపెట్టేముందు గాజులు, ఉంగరం, చివరికి మెడలో మంగళసూత్రాలు కూడా తీసి రుమాల్లో చుట్టి లోపల పెట్టేసేవారు. బ్యాటరీకి బంగారం తగిలితే నిప్పురవ్వలు లేచి ఒళ్లెలా కాలుతుందో గ్యారేజీలో ఒకసారి కళ్లారా చూశారట. మన ఆడవాళ్లు కొందరు చెవులు కొరుక్కునేవారు. నేనూ ఒకసారి "అదొక్కటీ ఉంచుకోండి వదినగారూ" అన్నాను. "అది ఉండాలంటే ముందు మెడ ఉండాలి కదమ్మాయ్," అన్నారు.

నాకు ప్రతిదీ పుస్తకంలో రాసుకునే అలవాటు. ఎనభైల మొదట్లో, మేమప్పుడుండే పిస్కాటవేలో, ఒక జులై శనివారం ఆవిడా నేనూ మా కారు పవర్ స్టీరింగ్ మార్చినప్పుడు వరసగా రాసుకున్న కాగితాలు ఇప్పుడు నా ముందున్నాయి. వాటిలో ఒక్క సంగతి లేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

అంతకు నెల ముందునుంచీ మా కారు స్టీరింగ్ రుబ్బురోలులా బరువెక్కింది. పిల్లల్ని ఈత క్లాసుకి తీసుకెళ్లేటప్పుడు ప్రతి మలుపులోనూ నా భుజాలు పట్టేసేవి. ఇంటి ముందు కారు నిలిపే తారు డ్రైవ్‌వే మీద ఎర్రటి నూనె మరకలు కనిపిస్తే వదినగారికి ఫోన్ చేశాను.

"ఎంత కారుతోంది?"

"సోమవారం బొట్టుబిళ్లంత. బుధవారం పూరీ అంత. ఇవాళ అప్పడమంత."

"ఏ అప్పడం? కొట్లో అమ్మేదా, మా అమ్మ చేసేదా?"

"మీ అమ్మగారు చేసేదే."

"అయితే ఇంక నడపకు. ర్యాక్ పోయింది."

మనం చేత్తో స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలని అటూ ఇటూ జరిపే పొడవాటి ఇనప భాగం ర్యాక్. నూనె దాని చివర్లలోంచి కారుతోంది. శనివారం ఎనిమిదింటికల్లా ఆవిడ తన కారు డిక్కీ నిండా సామానుతో వచ్చేశారు. వాళ్లాయన పాత ప్యాంటు, జడ మీద కట్టిన గుడ్డ. ఇంట్లోకి వస్తూనే మా ఆయన్ని చూసి, "తమ్ముడూ, నువ్వు పిల్లల్ని తీసుకుని పార్క్‌కి పో. ఇక్కడ నుంచుని సలహాలివ్వకు," అన్నారు. ఆయన చెప్పులు వెతుక్కునేంత ఆలస్యం కూడా చెయ్యలేదు.

ఆ రోజుని తల్చుకుంటే నీళ్లలోంచి చూస్తున్నట్టుంటుంది. పక్కింటివాళ్ల పచ్చిక మీద స్ప్రింక్లర్ తిరుగుతోంది. దాని తుంపర్లు గాలికి మా వైపు వచ్చి, చేతుల మీద పడేలోపే ఆరిపోతున్నాయి. ఎక్కడో ఐస్‌క్రీమ్ బండి గంట మోగుతూ దగ్గరకొస్తున్నట్టే ఉండి దూరమైపోయింది. ఆవిడ నెమ్మదిగా నియమాలు చెబుతున్నారు, నేను రాసుకుంటున్నాను. బ్యాటరీ తీగ ఊడదీయాలి. వెనక చక్రాలకి అటూ ఇటూ దిమ్మలు పెట్టాలి. జాకీ కారుని లేపడానికే, నిలబెట్టడానికి కాదు, నిలబెట్టాల్సింది ఇనప స్టాండ్ల మీద. విప్పిన చక్రాన్ని గోడకి ఆనించకుండా కారు కిందే పడుకోబెట్టాలి. కిందికి దూరేముందు కారుని గట్టిగా తోసి చూడాలి.

"ఇంకోటి రాసుకో. ఏ చప్పుడు వినపడినా పైకి చెప్పాలి. నీకా, నాకా అని లేదు. ఉత్తదే అయినా ఫరవాలేదు. చెప్పాలి."

అదీ రాసుకున్నాను.

స్టాండ్ల కింద చెక్క పెట్టాలన్నారు. "మధ్యాహ్నానికి ఈ తారు హల్వా అయిపోతుంది. స్టాండ్ కాళ్లు దిగబడతాయి." ఒక ప్లైవుడ్ ముక్క కుడివైపు పెట్టి, రెండోది డిక్కీలో ఉంది తెమ్మన్నారు. వెళ్లి చూశాను. నూనె ఓడుతూ, పొరలు పొరలుగా అతికించిన చెక్క. నాకది నచ్చలేదు. లోపలికెళ్లి వ్రతాలకి వాడే మా టేకు పీట తెచ్చాను. మా అమ్మ నాకిచ్చి పంపింది అది. మా పెద్దనాన్నలాంటి భారీ మనిషి కూర్చుని లేస్తే కూడా కిక్కురుమనలేదు. దానికి నూనె అంటకుండా నాలుగు మడతల న్యూస్‌పేపర్ చుట్టి, ఎడమవైపు స్టాండ్ కింద పెట్టాను. వదినగారు అటువైపు ఉన్నారు. ఇటు వచ్చి చూసినా కనబడేది కాగితాలే.

జాకీ దించి, కారుని స్టాండ్ల మీద కూర్చోబెట్టాం. అప్పుడు పీట కిర్రుమంది.

చిన్న చప్పుడు. కారు సర్దుకుంటోందేమో అనుకున్నాను. అది నిజం కాదు. అది పీట చప్పుడని నాకు తెలుసు. పీట తెచ్చిన సంగతి చెప్పాల్సి వస్తుందని, ఆవిడ నవ్వుతారని, నోరు మూసుకున్నాను. అంతే కారణం. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను, దొరకలేదు.

ముందు చక్రాలు రెండూ విప్పి కారు కింద పడుకోబెట్టాం. ఆవిడ అట్టపెట్టె విప్పి, కింద పరిచి, కళ్లజోడు సర్దుకున్నారు. లేచి, రెండు చేతులూ కారు మీద ఆనించి, తన బరువంతా వేసి తోశారు.

పెళ్లుమంది. ఎడమవైపు స్టాండ్ పక్కకి ఒరిగిపోయింది. కారు ఒక్కసారిగా కిందికి దిగి, ఆ పడుకోబెట్టిన చక్రం మీద ఆగింది. లేచిన దుమ్ము ఎండలో చాలాసేపు అలాగే ఉంది. ఆవిడ పడుకోబోయిన అట్ట సగం కారు కిందే ఉంది. దానికీ కారుకీ మధ్య జానెడు సందు కూడా మిగల్లేదు.

ఆవిడ మెల్లిగా వంగి, కాగితాలు తప్పించి చూశారు.

"పీటా?"

"ఊఁ."

"పెళ్లిదా?"

"వ్రతాలది."

"దీనికి కింద అంతా బోలు అమ్మాయ్. రెండు బద్దలమీద నిలబడింది. మనిషి ఆనితే ఓర్చుకుంటుంది. కారైతే స్టాండ్ నాలుగు కాళ్ల మొనల మీదే ఆనుతుంది." పచ్చిక మీద కూలబడి, తన చేతుల్ని తనే చూసుకుంటూ అడిగారు. "ముందేమైనా చప్పుడు వినపడిందా నీకు?"

"లేదు వదినగారూ," అన్నాను.

ఆవిడ తలూపారు. "మజ్జిగ ఉందా?" అన్నారు.

ఇద్దరం మెట్ల మీద కూర్చుని మజ్జిగ తాగాం. తర్వాత ఆవిడ డిక్కీలోంచి ప్లైవుడ్ ముక్క తనే తెచ్చుకుని, స్టాండ్ కాళ్లు వంగలేదని వేలితో తడిమి చూసుకుని, మొదటి నుంచీ మొదలుపెట్టారు. దిమ్మలు, జాకీ, స్టాండ్లు, తోయడం. ఈసారి నన్ను కూడా తోయమన్నారు.

ఇక ఆ పగలంతా కలలా సాగింది. ఆవిడ కారు కిందనుంచి చెయ్యి చాపితే నేను పానా అందించేదాన్ని. ఊడిన ప్రతి నట్టూ ఇడ్లీ రేకు గుంటల్లో వరసగా పెట్టాను. పై రేకు కుడి చక్రానిది, కింది రేకు ఎడమది. చక్రానికి కలిపే కడ్డీ కొస విప్పుతూ ఆవిడ చుట్లు లెక్కపెట్టారు, నేను రాశాను. ఎడమ పదిహేడున్నర, కుడి పద్ధెనిమిది. కొత్త దాన్ని సరిగ్గా అన్ని చుట్లే తిప్పి బిగించాలి. ఆ తర్వాత కూడా షాపుకి తీసుకెళ్లి చక్రాల వరస సరిచేయించుకోవాలి. ఒక బోల్టు ఎంతకీ రాకపోతే నూనె పోసి, "దాని మీద అరవకు. దానికి కాస్త టైమివ్వు," అని కళ్లు మూసుకున్నారు. కారు కింద చల్లటి నీడలో, ఛాతీ మీద చేతులు పెట్టుకుని పడుకున్నారు. నేను బయట కూర్చుని ఆవిడ ఊపిరి తీసుకోవడం చూస్తూనే ఉన్నాను. మొన్న హెర్న్‌డన్ వెళ్లినప్పుడు కూడా చేతులు అలాగే ఉన్నాయి. నేనలాగే చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం నాలుగింటికి కొత్త ర్యాక్ బిగించి, చక్రాలు మళ్లీ తగిలించడం అయింది. నట్లు ఊడకుండా గుచ్చే పాత పిన్నులు మళ్లీ పెట్టనివ్వలేదు, కొత్తవే పెట్టించారు. నూనె పోశాక ఒక పని మిగిలింది. లోపల చిక్కుకున్న గాలి పోవాలి. ముందు చక్రాలు ఇంకా నేలకి ఆనకుండానే, ఇంజన్ ఆన్ చెయ్యకుండా, స్టీరింగ్ ఈ చివరినుంచి ఆ చివరి దాకా తిప్పుతూ ఉండాలి. నన్ను సీట్లో కూర్చోమన్నారు. ఆవిడ కారు ముందు నిలబడి నూనె డబ్బాలోకి చూస్తున్నారు. ఇంజన్ మీంచి పైకెత్తిన మూత, ఆ హుడ్, మా ఇద్దరికీ మధ్య గోడలా ఉంది. నాకు రోడ్డు కనబడదు, ఆవిడా కనబడరు.

"ఎడమకి. మెల్లిగా. ఆఁ, బుడగలొస్తున్నాయి. ఇప్పుడు కుడికి."

తిప్పుతున్నాను. ఎత్తున గాల్లో చక్రాలు అటు తిరిగి మళ్లీ ఇటు తిరుగుతున్నాయి. కారు ఎక్కడికీ కదలడం లేదు. ఆవిడ మొహం కనబడనందుకేనేమో, మాట దానంతటదే వచ్చేసింది.

"వదినగారూ."

"ఊఁ."

"పొద్దున నాకు వినపడింది. కారు దించగానే పీట కిర్రుమంది. విని కూడా చెప్పలేదు. తర్వాత మీరడిగితే అబద్ధం చెప్పాను."

పక్కింటి స్ప్రింక్లర్ ఎప్పుడు కట్టేశారో. నా చేతులు స్టీరింగ్ మీద అలాగే ఉండిపోయాయి.

"నాకూ వినపడింది," అన్నారు ఆవిడ చాలాసేపటికి. "తారు దిగబడుతోందనుకున్నాను. నేనూ చెప్పలేదు."

అది నిజమో, నా కోసం అన్నారో నాకు తెలియదు. ఆ తర్వాత ఎన్నిసార్లు కలిసినా అడగలేదు. ఇక అడగలేను.

"ఆపావేం? తిప్పు, ఇంకా ఉంది గాలి."

హుడ్ కింది సన్నటి సందులోంచి ఆవిడ వేళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. నూనె అంటిన వేళ్లు. సాయంకాలపు ఎండ వాటి మీద పడి ఎర్రగా మెరుస్తోంది. ఒక్కో బుడగ పైకొచ్చి పగిలినప్పుడల్లా ఒక వేలు కొద్దిగా లేచి, మళ్లీ అంచు మీద ఆనుతోంది. నేను ఆ వేళ్లనే చూస్తూ ఎడమకి తిప్పాను, కుడికి తిప్పాను, మళ్లీ ఎడమకి.